ఆల్టర్నేటర్ వాటా

మే 11

ఇవాళ కారుకి కొత్త ఆల్టర్నేటర్ బిగించారు, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది. పాతది అరవై ఆంపియర్లది, ఇది నూట ఇరవై. బిగించే ముందు డైనమో దాన్ని రెండు చేతులా ఎత్తి, అప్పుడే పుట్టిన బిడ్డని చుట్టాలకి చూపించినట్టు మాకు చూపించాడు. అతని అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. ఆటో ఎలక్ట్రీషియన్లు ఎందరున్నా డైనమో అంటే అతనొక్కడే.

"ఇక అన్న ఆక్సిజన్ మిషనుకి ఢోకా లేదు వదినా. సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగినా కుయ్యిమనదు. పైగా పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది."

"మైలేజీ ఎలా పెరుగుతుంది?" అన్నాను.

"కరెంటు నిండుగా ఉంటే స్పార్కు నిండుగా పడుతుంది. స్పార్కు నిండుగా పడితే పెట్రోలు బొట్టు మిగలకుండా మండుతుంది. ఇంకేం కావాలి?"

వరండాలో కుర్చీలోంచి ఆయన నా మొహం చూసి నవ్వారు. ముక్కుకి గొట్టం ఉన్నా ఆ నవ్వు మాత్రం మారలేదు. "ఒరేయ్, ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందిరా. ఆవిడ చెవిలోనే పువ్వు పెడుతున్నావా?"

"పెట్టనీ అన్నా, పువ్వేగా, బాగుంటుంది."

నేను పాఠం చెప్పలేదు. చెప్పొచ్చు. కరెంటు ఊరికే రాదు. ఆల్టర్నేటర్‌ని ఎంత అడిగితే అది అంత మొరాయిస్తుంది. దాని మొండితనాన్ని తోసుకుంటూ ఇంజను తిప్పాలి. తోయడానికి పెట్రోలు తాగాలి. పెద్దది పెట్టినంత మాత్రాన ఎక్కువ తినదు. అడిగినంతే ఇస్తుంది, కానీ ఇచ్చినదానికి ఇంచుమించు రెట్టింపు ఇంజను దగ్గర వసూలు చేస్తుంది. సైకిల్ లైటు వెలిగించగానే పెడలు బరువెక్కదూ, అదే ఇది అని మొదటి సంవత్సరం పిల్లలకి చెబుతాను. వాళ్ళలో సైకిల్‌కి లైటున్నవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆయన ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి. ఆక్సిజన్ మిషను ఇంట్లో గోడ ప్లగ్గుకి నడుస్తుంది, బండిలో ఇన్వర్టర్ మీద నడుస్తుంది. చంకలో పెట్టుకునే చిన్న మిషను ఆయనకి చాలదన్నారు. పాత ఆల్టర్నేటర్ ఉన్నప్పుడు బండి ఆగితే చాలు, బ్యాటరీ పడిపోయి మిషను కూత పెట్టేది. పోయిన నెల లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడింది, మిషను ఆగిపోయింది. చిన్న సిలిండర్ దగ్గరే ఉంది, కానీ దాని తాళం తిప్పడానికి నా వేళ్ళు ఒప్పుకోలేదు. గేటు లేచేలోపల ఆయన పెదాలు. అది రాయను.

బయటికి వెళ్ళడం మానేద్దామన్నాను. "మానేస్తే నేను పొద్దున లేవడం దేనికి?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు. అందుకే ఈ ఆల్టర్నేటర్.

మే 12

సాయంత్రం నది వంతెన దాకా వెళ్ళి వచ్చాం. వెనక సీట్లో మిషను, ముందు మేమిద్దరం.

ఇది డ్రైవింగ్ స్కూలు బండి. పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. ఆ సీట్లో కూర్చునే ఆయన ఊళ్ళో సగంమందికి నడపడం నేర్పారు. స్కూలు మూసేశారు గానీ ఆ సీటు వదల్లేదు. ఇప్పుడు నేను నడుపుతాను, ఆయన నేర్పుతారు. నాకు లైసెన్సు వచ్చి పదేళ్ళు దాటిన సంగతి ఇద్దరం ఎత్తం.

"క్లచ్చు మీంచి కాలు తియ్యి. అది కాలు పెట్టుకునే పీట కాదు."

"తీశానండీ."

"అద్దం చూశావా?"

"చూశాను."

"నీ మొహం కాదు, వెనక వచ్చేవాణ్ణి."

లెవెల్ క్రాసింగ్ దగ్గర కావాలన్నట్టు గేటు పడింది. నేను ఊపిరి బిగబట్టాను. మిషను పిల్లిలా గురగురమంటూనే ఉంది. సెట్టింగు రెండు మీద పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. రైలు వెళ్ళింది. ఆయన వెనక్కి వాలి, "ఇంకో రైలొచ్చినా ఫర్వాలేదు" అన్నారు.

మే 21

ట్యాంకు నింపించి లెక్క చూశాను. మిషను లేని రోజుల్లో లీటరుకి పదిహేడు వచ్చేది. ఇప్పుడు పదిహేనున్నర. మిషను తీసుకునే వాట్లు, ఇన్వర్టర్‌లో పోయేది, ఆల్టర్నేటర్‌లో పోయేది వేసి ముందే అంచనా కట్టుకున్నాను. సరిగ్గా అంతే తగ్గింది. ఆయన ఊపిరికి లీటరు మీద ఒకటిన్నర కిలోమీటరు. ఇంతకంటే చవగ్గా ఈ లోకంలో ఏం దొరుకుతుంది?

చాలా కాలానికి సంతోషంగా ఉంది. ఆయన బయటికి వస్తున్నందుకా, నా లెక్క కుదిరినందుకా? రెండోదేనేమోనని అనుమానం.

మే 25

సెట్టింగు మూడుకి పెంచమన్నారు డాక్టరు. కొన్నాళ్ళే.

కొన్నాళ్ళే అని డాక్టరు అనలేదు. నేనే అనుకున్నాను.

జూన్ 3

పదమూడు.

సెట్టింగు మూడుకి పెంచితే ఆల్టర్నేటర్ వాటా కొంచెం పెరుగుతుంది. ఎంత లాగి చూసినా పావు కిలోమీటరు. మిగతా రెండుంబావూ ఎటు పోతున్నట్టు? ఏసీ ఎప్పుడూ వేసేదే. టైర్లలో గాలి చూపించాను. డైనమోకి ఫోన్ చేశాను.

"బంకువాడు మోసం చేస్తున్నాడు వదినా."

"వేరే వేరే బంకుల్లో పోయించాను."

"అయితే అందరూ మోసమే. ఈ రోజుల్లో ఎవర్ని నమ్ముతాం?"

"నీ ఆల్టర్నేటరే తింటోందేమో."

పిల్లనిచ్చిన ఇంట్లో పిల్ల మీద నింద వేసినట్టు బాధపడ్డాడు. "అది బంగారం వదినా. దాన్నేమీ అనకు."

ఆయన మంచం మీంచి వింటున్నారు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? బండి ఏమీ అనలేదు, నేనేమీ అనలేదు. మధ్యలో నీకేమిటి?"

"లెక్క కుదరడం లేదండీ."

"కుదరకపోతే కొన్ని మార్కులు తగ్గించి వదిలెయ్యి. మీ కాలేజీలో చేసేది అదేగా."

మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్. "మనిషి అలా ఉంటే ఊరంతా తిప్పడమేమిటి వదినా? వినేవాళ్ళు ఏమనుకుంటారు? నువ్వొక్కదానివే చేసుకోలేకపోతే నేనొస్తాను."

"ఎప్పుడొస్తావు?"

"చూడాలి. ఇంట్లో రంగులు వేయిస్తున్నాం."

జూన్ 5

వెనకవాళ్ళు ఒకటే హారన్లు. నెమ్మదిగా నడిపితే లోకానికి ఎందుకంత కోపమో. ఒక లారీ పక్కకొచ్చి ఆగింది, డ్రైవరు కిందికి వంగి "బ్రేకు లైటు ఆరడం లేదమ్మా" అని అరిచి పోయాడు. "ఆడవాళ్ళు నడిపితే ఏదో ఒకటి అనకపోతే వాళ్ళకి తోచదు" అన్నారు ఆయన.

వోల్టేజీ ఎక్కువై బ్రేకు స్విచ్చి అతుక్కుపోయి ఉంటుంది. ఆల్టర్నేటరే.

జూన్ 10

ఆయన చెప్పులు బిగుసుకుపోయాయి. వానకి తడిసి కుంచించుకుపోయినట్టున్నాయి. ఒక సైజు పెద్దవి తెచ్చాను.

డాక్టరు పాదం మీద వేలితో నొక్కి చూశారు. వేలు తీసేశాక కూడా గుంట అలాగే ఉంది. "నీరు చేరుతోంది. ఊపిరితిత్తుల భారం గుండె మీద పడుతోంది" అని ఇంకో మాత్ర రాశారు. ఆ మాట ఆయనకేసి కాకుండా నాకేసి చూస్తూ అన్నారు. ఆయన గోడ మీది కేలండర్ చదువుకుంటున్నట్టు కూర్చున్నారు.

అసలు ఈమధ్య వాన పడిందా?

జూన్ 16

పదకొండున్నర. వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగడం లేదు. రెండుకి వేస్తే ఏడుస్తూ ఎక్కుతోంది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర మాడు వాసన.

బెల్టు జారుతోందనుకున్నాను. కారణం కూడా నా దగ్గర తయారుగా ఉంది: ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా కరెంటు రావాలని డైనమో ఆల్టర్నేటర్‌కి చిన్న కప్పీ వేశాడు. కప్పీ చిన్నదైతే బెల్టుకి పట్టు తక్కువ. పట్టు లేకపోతే జారుతుంది, జారితే కాలుతుంది. డైనమో ఇంటికొచ్చి బానెట్ ఎత్తి, బెల్టుని వేలితో మీటి, వీణ శ్రుతి చూసినట్టు తల పక్కకి వాల్చి విన్నాడు.

"బాగానే ఉంది కదా."

"మార్చు. అయినా మార్చు."

మార్చాడు. బానెట్ దించకుండా, చేతులు తుడుచుకుంటూ, "నీకంత అనుమానంగా ఉంటే పాతది మళ్ళీ పెట్టేస్తాను వదినా. పికప్ వచ్చేస్తుంది. లెవెల్ క్రాసింగ్ సంగతి మాత్రం నువ్వే చూసుకోవాలి" అన్నాడు.

కిటికీలోంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. అతనికీ వినిపించింది. బానెట్ దించేశాడు.

ఒక్కో వాసనకి ఒక్కో కారణం, ఒక్కో హారన్‌కి ఒక్కో కారణం చెప్పగలను. చదువు దీనికి కూడా పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

జూన్ 19

రాయడానికి ఏమీ లేదు. సెట్టింగు నాలుగు.

జూన్ 22

వంతెన దిగుతున్నాం. కింద మలుపు దగ్గర బస్సు ఆగి ఉంది. బ్రేకు తొక్కితే కాలు నీళ్ళలోకి దిగినట్టు దిగింది. బండి ఆగలేదు.

"బ్రేకు పడడం లేదండీ."

"రెండుకి వెయ్యి." ఆయన గొంతు మారలేదు. పొద్దున్నే కొత్తగా నేర్చుకునేవాళ్ళతో మాట్లాడే గొంతు. "క్లచ్చు మెల్లగా వదులు. ఇప్పుడు ఒకటి. హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా పైకి. లాగెయ్యకు, బండి తిరిగిపోతుంది. కొంచెం. ఇంకొంచెం. కిందకి చూడకు, బస్సుని చూడు."

బస్సుకి ఒక బండి పొడవు దూరంలో ఆగాం. అందులోంచి ఎవరో దిగి, మాకేసి చూడకుండానే వెళ్ళిపోయారు.

ఆ మాటలన్నీ ఆయన ఒక్క గుక్కలో చెప్పారు. ఈ మధ్య మూడు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్న మనిషి. చెప్పేశాక దాని బాకీ తీర్చుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేను ఆయన వీపు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. చెయ్యి పెట్టడం తప్ప ఇంకేమీ చేయడానికి లేదు. వెనక మిషను తన పని తను చేసుకుంటూ ఉంది.

ఊపిరి అందాక, "పాస్" అన్నారు.

బండి అక్కడే వదిలేశాం. డైనమో వేరే బండి తెచ్చి, మిషను దాంట్లోకి మార్చి, ఇంటి దగ్గర దింపాడు. ఆ బండిలో ఆయన్ని వెనక కూర్చోబెట్టాం. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

జూన్ 23

డైనమో షెడ్డుకి వెళ్ళాను. బ్రేకులు అతని పని కాదు. కానీ తన ఆల్టర్నేటర్‌కి చెడ్డపేరు రాకూడదని తనే ముందు చక్రాలు ఊడదీసి కూర్చున్నాడు. బ్రేకు ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయాయి. చక్రం పళ్ళెం కాలి నీలం రంగుకి తిరిగింది.

"ఇది ఆల్టర్నేటర్ పని కాదు వదినా." గెలిచినవాడి గొంతుతోనే మొదలుపెట్టాడు. "బ్రేకు తొక్కి ఉంచి బండి నడిపారు. ఒక రోజు కాదు, చాలా రోజులు. మైలేజీ తిన్నది ఇదీ. లైటు ఆరకపోవడం ఇదీ. మాడు వాసన ఇదీ. బ్రేకు నూనె మరిగిపోయి నిన్న బ్రేకే పడలేదు. నువ్వేమన్నా కాలు పెట్టి..."

అంటూనే బండి పక్క సీటు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూడలేదు.

ఆయన పాత చెప్పులైతే తెలిసేది కాదేమో. కొత్త చెప్పు కుడికాలిది, అడుగున అడ్డంగా గీత పడి ఉంది. పొద్దున గుమ్మం దగ్గర దాన్ని సరిగ్గా పెడుతూ చూశాను. బ్రేకు పెడలు అంచు. దానికి మాత్రం ఏ కారణమూ చెప్పుకోలేదు. చెప్పు పక్కన చెప్పు పెట్టి, లోపలికి వచ్చేశాను.

"అలవాటు వదినా. ఇన్నేళ్ళు అదే సీటు. అన్న కాలు దానంతటదే పోయి ఉంటుంది."

"అలవాటు కాదు" అన్నాను. ఆయన జన్మలో పెడల్ మీద ఊరికే కాలు పెట్టలేదు. కాలు పీట కాదని నన్ను ఎన్నిసార్లు తిట్టి ఉంటారో. కాలు బరువెక్కింది. కాలు వెనక్కి లాక్కుని అలా పట్టి ఉంచడానికి బలం లేదు. ఉన్నచోట ఉండిపోతోంది. ఉన్నచోట బ్రేకు ఉంది. అక్కడ తాకుతోందని ఆ పాదానికి తెలుస్తోందో లేదో.

లీటరు మీద పోయిన కిలోమీటర్లు దొరికాయి.

"ఆ పెడళ్ళు తీసేస్తే సరిపోతుంది. రెండు బోల్టులు. లేదా అన్నని వెనక కూర్చోబెట్టు" అన్నాడు డైనమో. తను అన్నది తనకే నచ్చనట్టు స్పానర్ కింద పెట్టేశాడు.

జూన్ 24

"వెనక కూర్చుంటే కాళ్ళు చాపుకోవచ్చు కదండీ" అన్నాను, ఇప్పుడే తోచినట్టు.

"వెనక కూర్చోవడానికి నేనేమన్నా పార్సెలా?"

"పార్సెల్ అయితే ఇన్ని మాటలు మాట్లాడదు."

నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక, "ముందు సీటు లేకపోతే నేను రాను" అన్నారు. ఆ మాటకి కోపం లేదు, పంతం లేదు. బయట చీకటి పడుతోంది అన్నట్టు అన్నారు.

"బ్రేకుకి ఏమైందట?"

"నూనె కారిపోయిందట."

"ఎక్కడ?"

"ఏదో గొట్టంలో."

"ఏ గొట్టం?" ఆయనకి బండిలో ప్రతి గొట్టమూ తెలుసు.

"నాకేం తెలుసు, మీ డైనమోని అడగండి."

అడగలేదు.

జూన్ 25

చెప్పేస్తే ఏమవుతుంది? 'మీ కాలు బ్రేకు మీద ఉంటోంది' అంటే ఆయన చేత్తో పట్టుకుని కాలు పక్కకి జరుపుకుంటారు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంటారు. మళ్ళీ జారుతుంది. అప్పుడు మేమిద్దరం ఆ కాలుని చూస్తూ కూర్చుంటాం. నేను వీధి చూడను, ఆయన అద్దం చూడరు.

పెడళ్ళు తీసేస్తే ఆ సీటు రోగి సీటు అవుతుంది. ఆ సీట్లోకి ఆయన రారు. రాకపోతే ఆ సాయంత్రం ఉండదు. సాయంత్రం లేకపోతే పొద్దున లేవడం దేనికని మళ్ళీ అడుగుతారు. ఈసారి నా దగ్గర అమర్చడానికి ఇంకో ఆల్టర్నేటర్ లేదు.

ఏమీ చెప్పకుండా పాతలాగే నడిపిస్తే వంతెన కింద బస్సు ఉంటుంది.

మూడింట్లో ఏదైనా ఒకటి తప్పు కాకుండా ఉందా? ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. రాయి మనమే ఏరుకోవాలని మాత్రం అనరు.

జూన్ 26

డైనమో పక్క సీటు పెడళ్ళ తీగలు రెండూ విప్పేశాడు. పెడళ్ళు ఉన్నచోటే ఉంచి, వాటి వెనక స్ప్రింగులు పెట్టాడు. తొక్కితే దిగుతాయి, వదిలితే లేస్తాయి. బండికి మాత్రం వాటితో సంబంధం లేదు.

ఇది అతని ఆలోచనో నా ఆలోచనో చెప్పలేను. స్ప్రింగు అన్న మాట ముందు అతనే అన్నాడు. 'అలా కూడా పెట్టొచ్చా' అని ముందు అడిగింది నేను.

"కూర్చుని తొక్కి చూడు వదినా. నా కాలికి తేడా తెలియదు, తొక్కి తొక్కి మొద్దుబారిపోయింది."

ఆ సీట్లో కూర్చున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి రోడ్డు వేరేలా కనిపిస్తుంది, నడిపే మనిషి మాత్రం పక్కనే పూర్తిగా కనిపిస్తారు. ఇన్నాళ్ళూ ఆయన చూసింది అదన్నమాట.

"ఇంకొంచెం గట్టిగా ఉండాలి."

స్ప్రింగు మార్చాడు. మళ్ళీ తొక్కాను. మళ్ళీ మార్చాడు. చివరికి "ఇదే" అన్నాను, నాకేం తెలుసని.

డైనమో చేతులు తుడుచుకున్నాడు. "పెడలుకి అబద్ధం నేర్పాం. ఇక మనిద్దరం నేర్చుకోవాలి."

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

జూన్ 28

వెళ్ళొచ్చాం. ఆయన ఎప్పటిలాగే. అద్దం, గేరు, కాలు. ఏమీ కనిపెట్టలేదు. కాలు పెడల్ మీదే ఉంది, పెడలు కొంచెం దిగి ఉంది. వెనక ఎవరూ హారన్ కొట్టలేదు.

ఏమీ కనిపెట్టలేదు.

జూలై 2

బజారు వీధి మలుపులో ఒక కుక్క అడ్డం వచ్చింది. నేను బ్రేకు తొక్కాను. సరిగ్గా అప్పుడే ఆయన మోకాలు పైకి లేచి పెడల్ మీద గట్టిగా పడింది. అంత వేగంగా ఆ కాలు కదలడం చూసి ఎన్నాళ్ళైందో. బండి ఆగింది. కుక్క మా ఇద్దరినీ ఒక చూపు చూసి, తీరిగ్గా దాటింది.

"చూశావా? నీ కాలు కంటే... నా కాలు... ముందు పడింది."

"అవునండీ."

"నేను లేకపోతే... దాని గతేమిటి?"

"ఏమయ్యేదో" అన్నాను.

ఇంజను ఆగిపోయి ఉంది, మళ్ళీ స్టార్ట్ చేయడానికి తాళం చెవి వైపు చెయ్యి చాపాను. గేరులో ఉండగానే తిప్పబోయాను. ఆయన చూశారు. "కంగారు పడకు, న్యూట్రల్‌కి తెచ్చి తిప్పు" అన్నారు. తిప్పాను. ఇంటికొచ్చాక స్నానాల గదిలో కుళాయి విప్పి కాసేపు ఊరికే నిలబడ్డాను.

నేను చేసింది దయా, మోసమా? దయ అయితే ఎందుకిలా దొంగలా ఉన్నాను? ఇంకెవరైనా ఇది చేశామని చెబితే 'మంచి పని చేశావు' అని వాళ్ళ భుజం తట్టి ఉండేదాన్ని.

జూలై 8

పదిహేను. లెక్క సరిపోయింది. సెట్టింగు నాలుగుకి ఆల్టర్నేటర్ వాటా రెండు. పదిహేడులోంచి రెండు తీస్తే పదిహేను. ఎక్కడా పావు కిలోమీటరు తేడా లేదు.

డైనమోకి ఫోన్ చేసి చెప్పాను.

"చెప్పానా వదినా, అది బంగారమని."

"బంగారమే."

"ఇంకేమైనా చప్పుళ్ళు గానీ, వాసనలు గానీ..."

"లేవు."

ఇదివరకైతే ఏదో ఒకటి అడిగేదాన్ని. బెల్టు చూడమనేదాన్ని. బండిలో ఇక బాగుచేయించడానికి ఏమీ మిగల్లేదు.

జూలై 10

సెట్టింగు అయిదు. ఆ మిషనులో ఆరు లేదు.

జూలై 13

ఆడపడుచు వచ్చింది. గోళ్ళ సందుల్లో ఇంకా లేతపచ్చ రంగుంది. రాగానే వంటింట్లో డబ్బాలన్నీ దించి, తుడిచి, వేరే వరసలో పెట్టింది. "ఇలా పెట్టుకుంటే నీకు వీలుగా ఉంటుంది వదినా" అంది. ఇక నాకేదీ దొరకదు. అయినా ఆమె వచ్చినందుకు ఏడుపు వచ్చినంత పనైంది.

సాయంత్రమైంది. ఆయన లేవలేదు.

"మందులు అయిపోయాయన్నావుగా. నువ్వెళ్ళి తెచ్చుకో. చెల్లి ఉందిగా."

"మీరు రారా?"

"ఇవాళ వద్దులే." ఊపిరి తీసుకున్నారు. "బాగానే... నడుపుతున్నావు."

తాళం చెవి కోసం వెతుకుతున్నాను. వెనకనుంచి అన్నారు: "ఆ స్ప్రింగు... కాస్త గట్టిగా పెట్టాడు. అసలు పెడలు... అంత గట్టిగా ఉండదు. చెప్పు వాడికి."

వెతకడం ఆపి వెనక్కి తిరిగాను.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. కాలికి... సగమే తెలుస్తోంది. ఆ సగం చాలు."

మంచం అంచున కూర్చున్నాను. "మరి కుక్క అడ్డం వచ్చినప్పుడు అంత గట్టిగా తొక్కారు?"

"నువ్వు ఆపుతావని తెలుసు. నేను తొక్కకపోతే... నాకు తెలిసిపోయిందని... నీకు అనుమానం వస్తుంది." కళ్ళు మూసుకున్నారు. "అంత కష్టపడి పెట్టించావు."

ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆ చేతికేదైనా చెప్పగలిగే మాట నా చదువులో లేదు. ఆడపడుచు గుమ్మంలోకి వచ్చి, "మందుల షాపు మూసేస్తారేమో వదినా" అంది.

వెళ్ళాను.

మిషను ఇంట్లో గోడకే ఉంది. బండిలో ఆల్టర్నేటర్‌ని ఏదీ అడిగేవాళ్ళు లేరు. పక్క సీట్లో బరువు లేదు. వీధి మలుపు తిరిగి యాక్సిలరేటర్ కాస్త తొక్కానో లేదో, బండి గాలిలో తేలినట్టు పోయింది. మూడు, నాలుగు, గేర్లు వాటంతటవే పడుతున్నాయి. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడే లేదు. ఇన్నాళ్ళూ డైనమోని పీడించి పీడించి అడిగిన పికప్ ఇదే.

మందులు తీసుకుని, ఇంటికి రెండో గేరు దాటకుండా వచ్చాను. వెనక అందరూ హారన్లు కొట్టారు. కొట్టనిచ్చాను.